పెట్రోలు అయిపోవడం ‘సాంకేతిక లోపం’ ఎలా అవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

చిన్న శిక్షణ విమానం కూలిందంటే చాలు, మర్నాడు పేపర్లో ‘సాంకేతిక లోపం’ అని వచ్చేస్తుంది. మా అమ్మాయి పైలట్ శిక్షణలో చేరాక నాకు అసలు సంగతి తెలిసింది. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2011–2015 మధ్య ప్రమాదాలను పరిశీలిస్తే, ఏటా సగటున 50కి పైగా ఇంధనం చూసుకోవడంలో పొరపాట్ల వల్లే జరిగాయట. వాటిలో నేర్చుకునే పిల్లలు 2 శాతమే. దాదాపు సగం మంది కమర్షియల్, ఆపై లైసెన్సులున్న అనుభవజ్ఞులు!

ట్యాంకులో పెట్రోలు ఉండగానే ఆగిపోయే ఇంజన్లూ ఉన్నాయి. పైపర్ చెరోకీ లాంటి చిన్న విమానాల్లో ఒకసారి ఒక రెక్క ట్యాంకు నుంచే పెట్రోలు వెళ్తుంది. పైలట్ గుర్తుపెట్టుకుని మీట తిప్పి రెండోదానికి మార్చాలి. మరిస్తే అంతే.

మా అమ్మాయి సెస్నా శిక్షణ విమానం ఎక్కేముందు రెక్క మీది మూత తీసి, గీతలున్న పుల్ల ముంచి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి రాసుకుంటుంది. ఆర్టీసీ డిపోలో మేమూ గేజీని నమ్మి బస్సు వదిలేవాళ్లం కాదు. బస్సయితే రోడ్డు పక్కన ఆపుకోవచ్చు కూడా.

మా దగదర్తికి విమానాశ్రయం వస్తుందంటున్నారు, రేపు శిక్షణ సంస్థలూ రావచ్చు. పుల్లతో కొలిచిన లెక్క మీద ప్రతిసారీ శిక్షకుడు సంతకం పెట్టేలా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చూడాలి. మీ విలేకరులు కూడా దర్యాప్తు నివేదిక వచ్చాక, ట్యాంకుల్లో ఎంత మిగిలిందో తప్పక రాయాలని నా మనవి.

– ఆర్టీసీ విశ్రాంత మెకానిక్, కావలి, నెల్లూరు జిల్లా