పాట, బాట, మాట

సంపాదకులకు,

రెండు వారాల కిందట మీ ఆదివారం సంచికలో పిల్లల పుస్తకాల పరిచయం వేశారు. అందులో ఒక కథను ‘స్ఫూర్తిదాయకం’ అన్నారు. చక్రాల కుర్చీలోని అమ్మాయి చివరి పేజీలో లేచి నిలబడుతుందట. 1881లో ‘హైదీ’ అనే స్విస్ పిల్లల నవల రెండో భాగంలో, చక్రాల కుర్చీలో ఉండే క్లారా కొండ మీద ఇలాగే లేచి నడిచింది. ఇప్పటికీ అదే ముగింపా? వెన్నుపాము పూర్తిగా తెగితే పట్టుదలతో కాళ్లు రావు. ఆ కథ చదివిన నడవలేని పిల్ల, తన ప్రయత్నంలోనే లోపముందనుకుంటుంది.

బొమ్మలైతే మరీ అన్యాయం. ఎప్పుడు చూసినా ఆసుపత్రి కుర్చీయే: వెడల్పాటి సీటు, వెనక పిడులు, నెట్టడానికి ఇంకొకరు. రోజూ వాడుకునే కుర్చీ పిల్ల నడుము కొలతకు చేయిస్తారు. చక్రం బయట ఉండే రిమ్మును పట్టి తనే తోసుకుంటుంది. మూడు మెట్ల పక్కన మెట్లంత పొడవే ర్యాంపు గీస్తారు. ఎత్తు ఒకటైతే ర్యాంపు పొడవు పన్నెండు ఉండాలి. మెట్టు 15 సెంటీమీటర్లయితే మూడింటికి 45, అంటే 5.4 మీటర్ల ర్యాంపు. బొమ్మలోని దాన్ని ఎక్కబోతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది.

చూపులేని పిల్లవాడి చేతికి తాతగారి ఊతకర్ర ఇస్తారు. తెల్లకర్ర ఆనుకోవడానికి కాదు, నేలను తెలుసుకోవడానికి. నిలబెడితే దాదాపు రొమ్ము ఎముక దాకా వస్తుంది. కుడికాలు వేసేటప్పుడు కొన ఎడమవైపు తాకాలి, తర్వాతి అడుగు పడేది అక్కడే కనుక. బ్రెయిలీ గడిలో నిలువుగా మూడేసి చొప్పున రెండు వరసలు, ఆరే చుక్కలు. చిత్రకారులు మాత్రం చేతికొచ్చినన్ని చల్లేస్తారు.

వినపడని పాత్రలేమో పెదవులు చూసి అన్నీ గ్రహించేస్తాయి. అద్దం ముందు గొంతు లేకుండా పాట, బాట, మాట అని చూడండి, మూడూ ఒకటే. క, గ నోటి లోపలెక్కడో పుడతాయి, బయటికి కనపడవు. మిగతాది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. టీచరు బోర్డు వైపు తిరిగితే అదీ పోయినట్టే. ఏ కథలోనైనా ఆ పిల్ల సాయంత్రానికి అలసిపోయిందని రాశారా?

సైన్సు పుస్తకంలో గ్రహణం బొమ్మ తప్పయితే అచ్చుకు ముందే దిద్దుతారు. ఇక్కడ దిద్దేవాళ్లే లేరు. బడి లైబ్రరీలకు పుస్తకాలు ఎంపిక చేసే అధికారులు ధరా, పేజీలూ చూసి సంతకం పెడుతున్నారు. పిల్లల విషయంలో ఇంత నిర్లక్ష్యం దేనికి? చిత్తుబొమ్మల దశలోనే, రంగులు వేయకముందే, ఆ వైకల్యం ఉన్నవారికి పారితోషికం ఇచ్చి చూపించాలి. అచ్చయ్యాక చూపిస్తే మారేది ఏమీ ఉండదు.

ఇంకో మాట. చూపులేని పిల్లల కథ చూపులేని పిల్లలకే అందడం లేదు. చూపులేనివారికి, అచ్చు చదవలేనివారికి వారు చదవగలిగే రూపంలో పుస్తకాలు అందాలని 2013లోనే మరకేష్ అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మన ప్రచురణకర్తలు ఇప్పటికీ పాత ఫాంట్లలో కూర్చి, పేజీని బొమ్మగా మార్చి పెడుతున్నారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందులో ఒక్క అక్షరమూ దొరకదు. కంప్యూటరు అక్షరాలుగా గుర్తించే యూనికోడ్‌లో కూర్చి, ప్రతి బొమ్మకూ రెండు వాక్యాల వర్ణన జోడిస్తే చాలు. మీ తర్వాతి పరిచయంలో ధర పక్కనే, చూపులేని పిల్లలు చదవగలిగే ప్రతి దొరుకుతుందో లేదో కూడా వేయండి.

— ఒక పాఠకురాలు