గ్రామసభ కాగితం మీద కాదు, ఊళ్లో జరగాలి: జిల్లా పంచాయతీ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా పంచాయతీ అధికారి గారికి,

నమస్కారం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే ఊళ్లలో మాదొకటి. మీకు మూడు దరఖాస్తులు ఇచ్చాను, రెండుసార్లు ప్రజావాణికి వచ్చాను. రసీదులున్నాయి, జవాబు లేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

2019లో ఎన్నికైన పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసింది. ఐదేళ్లు నిండకముందే ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలోని 243-ఇ అధికరణం చెబుతుంది. అయినా 2025 డిసెంబర్ దాకా ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. సర్పంచ్ వస్తే సర్దుకుంటుందనుకున్నాం. చలిలో క్యూ కట్టి మరీ ఓట్లేశాం.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటుంది. మా ఊళ్లో సభ ఉండదు, రిజిస్టరే ఇంటింటికీ తిరుగుతుంది. "ఇక్కడ వేలిముద్ర వెయ్యి అవ్వా" అన్నారట మా పక్కింటావిడతో. పింఛన్ కోసమేమో అనుకుని వేసింది పాపం. ఆ వారంలోనే, లైటు లేని మూలమలుపు దగ్గర మోరీలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ స్తంభానికి కొత్త బల్బు వేసినట్టు అదే రిజిస్టర్‌లో రాసి ఉంది!

వచ్చే గ్రామసభకు మీ తరఫున ఒక అధికారిని పంపండి. ముందే డప్పు చాటింపు వేయించండి. పొద్దున పదకొండింటికి కాకుండా, కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చాక సాయంత్రం పెట్టించండి. జమాఖర్చులు అందరికీ వినబడేలా చదివించండి. పాత రిజిస్టర్‌పై విచారణ జరిపించి, ఆ నివేదికను పంచాయతీ గోడకు అంటించండి.

ఇట్లు,
మీ జిల్లా ఓటరు