మా రోడ్డు మీద దుమ్ముకి ఓనరెవరండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

కూకట్‌పల్లిలో 14 ఏళ్ల నుంచి జిరాక్స్ షాపు నడుపుతున్నానండి. గాలి కాలుష్యంతో జిరాక్స్ షాపువాడికి పనేంటి అనుకోకండి, వీధిలో దుమ్ము ఎంతుందో మా మిషన్‌కి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. లోపల ఇసక రేణువంత ఇరుక్కుంటే చాలు, ప్రతి కాపీ మీదా పైనుంచి కిందదాకా సన్నగా ఓ నల్ల గీత. ఆధార్ కాపీలో మొహం మీదుగా గీత పోతే కస్టమర్ ఊరుకుంటాడా, "అన్నా మళ్లా తియ్" అంటాడు, ఆ పేపరు ఖర్చు నాదే. పోయిన చలికాలం మెకానిక్‌ని మూడు వారాల్లో రెండుసార్లు పిలవాల్సొచ్చింది.

సంగతేంటంటే మా రోడ్డుని మొదట పైపుల కోసం తవ్వారు, మట్టి పోసి వెళ్లిపోయారు, ఆ మట్టి సర్దుకునేలోపే కేబుల్ వాళ్లొచ్చి పక్కనే ఇంకో గాడి తవ్వారు, దానికితోడు సందు చివర అపార్ట్‌మెంట్ కడుతున్నారు, ఇసక లారీకి టార్పాలిన్ ఉండదు. కంప్లైంట్ రాసుకుని తిరిగాను. ఒక ఆఫీసులో తవ్వింది మేం కాదన్నారు. ఇంకోచోట తవ్వింది మేమే గానీ రోడ్డు పూడ్చడానికి డబ్బు కట్టేశాం, వేయాల్సింది వాళ్లు అన్నారు. మూడోచోట గాలి మాదే, రోడ్డు మాత్రం మాది కాదు అన్నారు. ఎవరి మాటా అబద్ధం కాదు, అదే నన్ను ఎక్కువ చికాకు పెట్టింది.

కేంద్రం 2019లో నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ పెట్టింది, హైదరాబాద్ కూడా ఆ లిస్టులో ఉంది. 2017 లెక్కల మీద 2024కల్లా గాల్లో ధూళి 20 నుంచి 30 శాతం తగ్గించాలన్నారు, తర్వాత టార్గెట్‌ని 2026కి 40 శాతం చేశారు. మన దేశంలో పీఎం 10కి, అంటే గాల్లో తేలే సన్న ధూళికి, ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, డబ్ల్యూహెచ్‌ఓ అయితే 15 దాటొద్దంటుంది, మనం ఆ 60 లోపలికి రావడానికే తంటాలు పడుతున్నాం. ఢిల్లీలో ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ సీఎస్‌ఈ వాళ్లు 2024లో లెక్క తీస్తే ఈ ప్రోగ్రామ్ కింద దేశం మొత్తమ్మీద ఖర్చయిన డబ్బులో 64 శాతం రోడ్డు దుమ్ము మీదే పోయిందంట, ఫ్యాక్టరీల పొగ మీద 1 శాతం కూడా లేదంట. అంత డబ్బు దుమ్ము మీద పెట్టినా మా షాపు ముందు దుమ్ము దుమ్ముగానే ఎందుకుందయ్యా అంటే, రాత్రి ఊడ్చే మిషన్ వచ్చి ఎత్తుకుపోతుంది, పొద్దున్నే ఇంకొకరొచ్చి తవ్విపోస్తారు!

కట్టడాల దగ్గర మట్టి, ఇసక కప్పి ఉంచాలని, నీళ్లు చల్లాలని, బండ్లకి కవర్ ఉండాలని 2018 జనవరిలోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. చెత్త తగలబెడితే 5 వేలు ఫైన్ అని పర్యావరణ కేసులు చూసే ఎన్జీటీ (నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్) 2016లో చెప్పింది. మా వీధి ఊడ్చే అక్క ఆకులకి నిప్పు పెడుతుంటే ఈ మాటే చెప్పాను, "ఏం చెయ్యమంటవ్ అన్నా, ఆకుల బండి రాదాయె" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమెకి ఫైన్ వేస్తే బండి వస్తుందా?

అందుకని ఒక ఆదివారం కాలనీ వాళ్లం కమ్యూనిటీ హాల్లో కూర్చున్నాం, ఆ అపార్ట్‌మెంట్ సూపర్‌వైజర్‌నీ ట్యాంకర్ అబ్బాయినీ ఊడ్చే అక్కనీ కూడా పిలిచాం. మొదటి అరగంట తిట్టుకోవడమే. నన్నూ వదల్లేదు, కరెంటు పోతే నువ్వు డీజిల్ జనరేటర్ వేస్తావు, షాపు ఊడ్చి దుమ్మంతా రోడ్డు మీదకే నెడతావు కదా అన్నారు, రెండూ నిజమే. చివరికి సూపర్‌వైజర్ టార్పాలిన్‌కి, పొద్దున సాయంత్రం నీళ్లకి ఒప్పుకున్నాడు, ఆకులకి పార్కు మూలలో గుంత తీశాం, నేను చీపురు పక్కనపెట్టి తడిగుడ్డ పట్టుకున్నా, జనరేటర్ బదులు ఇన్వర్టర్ కొన్నా (ఖర్చు తల్చుకుంటే ఇప్పటికీ గుండె గుభేలే). రెండు నెలలు వీధి బాగుందండి, మెకానిక్ మొహం చూడలేదు. మూడో నెల ఎవరికీ చెప్పకుండా ఎవరో వచ్చి మళ్లీ తవ్వారు. ఎవరో ఇప్పటికీ తెలీదు, బోర్డు ఉంటేగా.

మేం కూర్చోగలిగాం, ఆఫీసులవాళ్లే ఒకచోట కూర్చోవట్లేదు. కాగితం మీద అన్ని శాఖలూ ఉన్నాయి, ఆ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ కింద ఊరికి వేసిన సిటీ యాక్షన్ ప్లాన్‌లో ఏ పని ఎవరిదో రాసే ఉంటుంది. అది పైన. వార్డు స్థాయిలో నెలకోసారి నీళ్ల, కరెంటు, రోడ్ల, కేబుల్ వాళ్లు, బిల్డర్లు, ట్రాఫిక్ పోలీసులు, కాలనీ వాళ్లు కూర్చుని వచ్చే నెల ఎక్కడ ఎవరు తవ్వుతారు, ఎప్పుడు పూడుస్తారు అని ఒక్క పేజీ రాసుకుంటే ఒకే గాడిలో పైపూ కేబులూ వేసేయొచ్చు కదా. తవ్విన చోట బోర్డు పెట్టి శాఖ పేరు, పూడ్చే తారీఖు, ఫోన్ నంబరు రాయమనండి. ఆ పేజీ జిరాక్సులు మా వార్డుకి నేను ఫ్రీగా తీసిస్తా.

ఇదే ఉత్తరం ఐదు కాపీలు తీసి ఐదు ఆఫీసులకి కూడా పంపుతున్నా, గీత పడితే ఏమీ అనుకోవద్దని చెప్పండి.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు ఓనరు,
కూకట్‌పల్లి, హైదరాబాద్