మూడు మీటర్ల గదిలో ‘6/6’ చూపు

అయ్యా,

మా అమ్మాయికి కాంటాక్ట్ లెన్సుల కోసం ఈమధ్య ఒక కళ్లద్దాల దుకాణానికి వెళ్లాం. ఆరు మీటర్ల దూరం నుంచి చదివించాల్సిన అక్షరాల పట్టికను ఇరుకు గదిలో మూడు మీటర్ల నుంచే చదివించి, చీటీపై ‘6/6’, అంటే మామూలు చూపు, అని రాసేశారు. దూరం సగమైతే అక్షరం రెట్టింపు కనిపిస్తుంది. 6/12 చూపున్నవారూ, అంటే మామూలు కన్ను పన్నెండు మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్లకు వస్తేగానీ చదవలేనివారూ, ఆ 6/6 వరుస గడగడా చదివేస్తారు. లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ని, ఊరుకోలేక అడిగాను. నవ్వారు.

లెన్సుల సంగతి ఇంకా ఘోరం. లెన్సు కూర్చునే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వంపు కొలవలేదు. పెట్టుకోవడం, తీయడం నేర్పలేదు. లెన్సులు శుభ్రం చేసే ద్రావణం అయిపోతే కుళాయి నీళ్లతో కడుక్కోమన్నారు! ఆ నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను పుండు చేసి, చూపునే పోగొట్టగలదు.

చూపు పరీక్షించి అద్దాలు, లెన్సులు సూచించే విద్య అయిన ఆప్టోమెట్రీ నాలుగేళ్ల డిగ్రీ. అందులో ఒక ఏడాది రోగుల మధ్యే శిక్షణ. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆప్టోమెట్రిస్టులకూ వర్తిస్తుంది. అలాంటప్పుడు పరీక్ష చేసేవారి అర్హత, రిజిస్ట్రేషన్ సంఖ్య దుకాణం గోడపై ఎందుకు ఉండకూడదు? ఫ్రేముల ధరలు మాత్రం వీధి మలుపు నుంచే కనిపిస్తున్నాయి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం