పాఠక మండలి వార్షిక నివేదిక, 2024–25

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, శాశ్వత సభ్యులకు, ఈ ఏటి చందా ఇంకా కట్టని సభ్యులకు కూడా నమస్కారాలు.

మండలి ఆశయాలు మీకు తెలిసినవే కనుక మళ్లీ ఏకరువు పెట్టను. మంత్రశక్తులున్న కల్పిత లోకాల్లో సాగే ఎపిక్ ఫాంటసీ రచనల్లో బలమైన స్త్రీలను ఎలా చిత్రించారు, రాజ్యం గానీ మంత్రశక్తి గానీ ఆడవాళ్ల చేతికి వచ్చినప్పుడు కథ వాళ్లను చివరికి ఎక్కడికి చేరుస్తుంది అన్న విషయం మీదే ఏడాది పొడవునా చదవాలని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. తీర్మానానికి చేతులెత్తినవారు నలభై ఒక్కరు. నెలవారీ సమావేశాలకు హాజరు పదిహేను దాటింది రెండుసార్లే. అయినా జరిగిన పని చిన్నది కాదు, అది నమోదు కావాలన్నదే నా తాపత్రయం.

జూన్, జూలై సమావేశాల్లో 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వచ్చిన టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చదివాం. కథకు మూలమైన దుష్టశక్తి గల ఉంగరాన్ని నాశనం చేయడానికి బయల్దేరిన తొమ్మిది మందిలో ఒక్క స్త్రీ కూడా లేదని మొదటి సమావేశంలోనే ఒక సభ్యురాలు ఎత్తిచూపారు. ఆవిడ ఆ మాట అంటున్నప్పుడు వేదిక మీద కూర్చున్న మన కార్యవర్గ సభ్యులు ఐదుగురూ పురుషులే. ఆరో వ్యక్తినైన నేను కింద టీ గ్లాసులు అందిస్తున్నాను. మినిట్స్‌లో ఈ సంగతి రాయలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చర్చ అంతా రోహన్ రాజ్యాన్ని ఏలే థియోడెన్ మేనకోడలు ఎయొవిన్ చుట్టూ తిరిగింది. మీరు ఎన్ని చెప్పినా వాటన్నిటి అర్థం ఒక్కటే, నువ్వు ఆడదానివి, ఇల్లే నీ చోటు అని చెప్పడమే కదా అంటూ ఆమె ఆ తొమ్మిది మందిలో ఒకడైన వీరుడు అరగోర్న్‌ను నిలదీసే ఘట్టాన్ని రెండుసార్లు పైకి చదివించుకున్నాం. ఆ తర్వాత ఆమె మగవేషంతో యుద్ధానికి వెళ్లడం, పురుషుడి చేతిలో పడడని జోస్యం ఉన్న శత్రుపక్షపు నాజ్‌గూల్ భూతాల నాయకుడిని, హాబిట్లనే పొట్టి జాతివాడు మెర్రీ వెనకనుంచి పొడిచి పడగొట్టగా తాను కత్తి దించి చంపడం మీకు తెలుసు. ఈ మలుపు మన సభ్యులకు కొత్తగా అనిపించలేదు. మగవాడి చేతిలో చావు లేకుండా వరం పొందిన మహిషాసురుడి కథను దసరా పందిళ్లలో వింటూ పెరిగినవాళ్లం. తేడా ఆ తర్వాతే ఉంది. మహిషుణ్ణి చంపిన దుర్గను ఎవరూ పెళ్లికూతుర్ని చేయలేదు. ఎయొవిన్ మాత్రం వైద్యశాలలో కోలుకుంటూ ఇక మీదట తాను యోధురాలిగా ఉండనని, రోగులకు స్వస్థత చేకూరుస్తానని చెప్పి, అక్కడే కోలుకుంటున్న సేనాని ఫారమిర్‌ను పెళ్లాడుతుంది.

ఇందులో తప్పేముంది, ఆ తొమ్మిది మందిలో ఒకడైన సామ్ కూడా యుద్ధం ముగిశాక ఇంటికి వెళ్లి పెళ్లి చేసుకున్నాడు కదా, ఫారమిర్‌కు సైతం కత్తి మీద మోజు లేదు కదా అని ఒక వర్గం వాదించింది. అది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. అయితే, యుద్ధం చేయాలన్న కోరికను నయం కావలసిన జబ్బుగా చూపించింది ఆమె ఒక్కదాని విషయంలోనే అని రెండో వర్గం అన్నది. నేను రెండో వర్గం. జైమిని భారత కథలో అశ్వమేధ గుర్రాన్ని కట్టేసి, అర్జునుడంతటివాడిని నిలువరించిన ప్రమీల కథా చివరికి పెళ్లితోనే ముగిసిందని గుర్తుచేసిన విశ్రాంత తెలుగు పండితుల వారికి మండలి కృతజ్ఞతలు. ఆయన పద్యాలను పుస్తకం చూడకుండా చదివారు.

ఆగస్టు నుంచి అక్టోబరు వరకు రాబర్ట్ జోర్డాన్ ‘వీల్ ఆఫ్ టైమ్’ చదవాలని నిర్ణయించాం. 1990లో మొదలై, రచయిత 2007లో మరణించాక మరొకరి చేతిమీదుగా 2013లో పూర్తయిన ఈ పద్నాలుగు సంపుటాల గ్రంథాన్ని ఒక్కొక్కరు రెండేసి చొప్పున చదివి పరిచయం చేస్తామని ఏడుగురు సభ్యులు తమంతట తామే ముందుకొచ్చారు. ఆరుగురు ఫోన్ ఎత్తడం మానేశారు. మాట నిలబెట్టుకున్న ఒక్క సభ్యురాలు, బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు ఉండి కూడా, తన రెండు సంపుటాలతోపాటు మరో నాలుగు చదివి నోట్సు రాసుకొచ్చారు. మిగిలిన ఆరుగురి పేర్లు అధ్యక్షుల సలహా మేరకు ఇక్కడ ఇవ్వడం లేదు.

ఆవిడ పరిచయం వల్లనే ఆ గ్రంథంలోని అసలు కీలకం మనకు బోధపడింది. ఆ లోకంలో మగవాళ్లకు అందే శక్తి కలుషితమై, దాన్ని వాడిన పురుషుడికి పిచ్చి పడుతుంది. అందువల్ల మంత్రశక్తి అంతా తెల్ల బురుజు అనే పీఠంలోని మాంత్రిక స్త్రీల చేతిలో ఉంటుంది, రాజులు సైతం వాళ్ల ముందు జాగ్రత్తగా మాట్లాడతారు. తలకిందులు చేసిన ఈ ఏర్పాటులో రెండు చిక్కులున్నాయని ఆవిడ చూపించారు. అధికారం ఉన్న స్త్రీలు ఎక్కువ భాగం ఒకరి మీద ఒకరు ఎత్తులు వేసుకుంటూ, తమ జడ తామే లాక్కుంటూ విసుక్కుంటూ కనిపిస్తారు. ఇక లోకాన్ని కాపాడవలసిన వాడు మాత్రం ఆ ప్రమాదకరమైన శక్తి ఉన్న మగపిల్లవాడే. అయినా తమలో తాము వాదించుకునే, తప్పులు చేసే, పాలించే ఇంతమంది ఆడవాళ్లు ఒకే కథలో ఉండడమే గొప్ప అని ఆవిడ అభిప్రాయం. ఒక్క రాణికి వంద మంది సైనికులున్న కథలు చదివిచదివి ఉన్న నాకూ అది సబబుగానే తోచింది.

నవంబరులో ఉర్సులా లెగ్విన్ ‘ఎర్త్‌సీ’ పుస్తకాల మీద జరిగిన సమావేశానికి హాజరు తొమ్మిది మందే అయినా, ఈ ఏటి చర్చల్లో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది అదే. 1968లో వచ్చిన మొదటి పుస్తకంలో మంత్ర విద్యాలయం మగపిల్లలకే పరిమితం, ఆడవాళ్ల మంత్రం బలహీనమని, దుష్టమని కథ జరిగే దీవుల్లో సామెతలు కూడా ఉన్నాయి. 1971, 1972 సంవత్సరాల్లో మరో రెండు పుస్తకాలు రాసిన రచయిత్రి, పద్దెనిమిదేళ్ల తర్వాత 1990లో ‘టెహాను’తో అదే లోకానికి తిరిగొచ్చి, తాను కట్టిన ఇంటిని తానే ప్రశ్నించారు. రెండో పుస్తకంలో సమాధుల పూజారిణిగా ఉన్న తెనార్ ఇందులో నడివయసు వితంతువు, సేద్యం చేసుకునే మనిషి. మొదటి పుస్తకపు కథానాయకుడు, మహామాంత్రికుడైన గెడ్ శక్తులన్నీ పోగొట్టుకుని మేకలు కాస్తుంటాడు. తిన్న కంచం తీయడం ఆడవాళ్ల పని అంటాడు తెనార్ కొడుకు. డ్రాగన్‌లు ఎగిరే కథలో ఎంగిలి కంచం దగ్గర ఆగి, అధికారం ఎక్కడ మొదలవుతుందో చూపించడం మరొకరికి తట్టిందా అని నాకు అనుమానం.

మహావీరుణ్ణి ఇలా చిన్నబుచ్చడం అన్యాయమని మన సీనియర్ సభ్యులొకరు మనస్తాపంతో మధ్యలోనే లేచి వెళ్లారు. డిసెంబరులో తిరిగి వచ్చారు. వారి అభ్యంతరంలో నిజం లేకపోలేదు: పాత పుస్తకాలు చదివి గెడ్‌ను ప్రేమించిన పాఠకుడికి ఆ నిస్సహాయత చూడడం కష్టమే. ఆ కష్టం కలగాలనే రచయిత్రి ఉద్దేశమని మిగతా ఎనిమిది మందీ ఒప్పుకున్నారు.

ఈ ఏడాది మండలికి గర్వకారణమైన కార్యక్రమం జనవరిలో గ్రంథాలయ భవనంలో జరిపిన ఒకరోజు సదస్సు. హాలు అనుమతి కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకోవలసి వచ్చింది, రెండుసార్లు ఫైలు కనిపించలేదన్నారు. ముఖ్య అతిథిగా పిలిచిన అధికారి గంటన్నర ఆలస్యంగా వచ్చి, మహిళా సాధికారత గురించి నలభై నిమిషాలు ప్రసంగించి, మహిళలు మాట్లాడవలసిన వేళకు శాలువా కప్పించుకుని వెళ్లిపోయారు.

ఉదయం జరిగిన ‘బాహుబలి’ చర్చకు యువత బాగా వచ్చారు, కుర్చీలు చాలలేదు. 2017లో వచ్చిన రెండో భాగంలో, ఆడవాళ్లను తాకిన సేనాధిపతి వేళ్లను దేవసేన నరుకుతుంది, సభలో బాహుబలి అతని తల నరుకుతాడు. థియేటరులో ఈలలు దేనికి ఎక్కువ పడ్డాయి అని ఒక డిగ్రీ విద్యార్థిని అడిగింది. శివగామి అధికారమంతా ఇద్దరు కొడుకుల్లో ఎవరికి పట్టం కట్టాలన్న దాని చుట్టూనే ఎందుకు తిరగాలి అని మరో అమ్మాయి అడిగింది. సమయాభావం వల్ల ఈ రెండు ప్రశ్నలకూ జవాబు రాలేదని అధ్యక్షులు ప్రకటించారు. సమయాన్ని ఎవరు మింగారో పైన రాశాను.

మధ్యాహ్నం నాయకురాలు నాగమ్మ కథను బుర్రకథగా చెప్పించాం. 12వ శతాబ్దపు పల్నాడులో నలగామరాజు దగ్గర మంత్రాంగం నడిపిన ఈ స్త్రీని, శ్రీనాథుడి పేర ఉన్న పల్నాటి వీరచరిత్ర మొదలు జనంలోని కథల దాకా, కోడిపందెంలో మోసం చేయించి, బ్రహ్మనాయుడు మంత్రిగా ఉన్న మాచర్ల వారిని ఏడేళ్లు అడవుల పాలు చేసిన కుట్రదారుగానే ఎక్కువగా చూపించాయి. తంబుర భుజాన వేసుకున్న ప్రధాన కథకురాలు కోడిపోరు దగ్గర వేగం పెంచి, అందెలు గలగలమనిపిస్తూ “తందాన తాన” అందుకోగానే, ఎడమవైపు గుమ్మెట పట్టుకున్న హాస్య వంత ఆట ఆపి, “అక్కా, బ్రహ్మనాయుడు ఎత్తు వేస్తే రాజనీతి అన్నావే, నాగమ్మ వేస్తే మాయోపాయం అంటావేం?” అని అడిగింది. హాలంతా నవ్వింది. కథకురాలు నవ్వలేదు. ఒక్క క్షణం తంబుర మీటి, “పెద్దలు అట్లా పాడారే చెల్లీ, నేనూ అట్లాగే నేర్చుకున్నా, ఇవాళ వేరుగా పాడతా” అని నాగమ్మ వైపునుంచి పది నిమిషాలు పాడింది. వెనక వరసలో కూర్చున్న గ్రంథాలయ ఊడ్చే ఆవిడ చీపురు గోడకు ఆనించి చివరిదాకా నిలబడే విన్నది.

జమాఖర్చుల వివరాలను కోశాధికారి గారు విడిగా జతచేశారు. సదస్సు ఖర్చు అంచనా దాటింది, లోటును ముగ్గురు దాతలు పూడ్చారు, పేర్లు చెప్పవద్దన్నారు. శాలువా బిల్లు మీద అభ్యంతరం ఉన్నవారు నన్ను కాక కార్యవర్గాన్ని అడగగలరు.

హాలు ఇప్పించిన గ్రంథపాలకులకు, కరపత్రాలను సగం ధరకు అచ్చువేసిన ప్రెస్సు వారికి, మైకు ఇచ్చి అద్దె తీసుకోని టెంట్‌హౌస్ యజమానికి, భోజనాలు వండిన నలుగురు సభ్యురాళ్లకు, ఆకులు ఎత్తిన ఇద్దరు యువకులకు ధన్యవాదాలు. ఆ ఇద్దరినీ ప్రత్యేకంగా పేర్కొనమని వండినవారే కోరారు.

వచ్చే ఏడాది పింగళి సూరన కళాపూర్ణోదయం చదవాలన్న ప్రతిపాదన సభ ముందుంది. మండలికి ఉన్న ‘టెహాను’ ఒకే ఒక్క ప్రతి నవంబరు సమావేశం తర్వాత కనిపించడం లేదు, తీసుకున్నవారు తిరిగి ఇవ్వగలరు. నెలవారీ సమావేశాల టీ ఏర్పాట్లకు వంతుల పట్టిక వేసి నోటీసు బోర్డు మీద అంటించాను. మొదటి నెల వంతు అధ్యక్షుల వారిది, వారు అంగీకరించారు.

ఇట్లు
కార్యదర్శి