సంక్రాంతి తర్వాత మా స్టూడియోలో పటాలు కట్టించుకున్న వారందరికీ

ఈ ఏడాది సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి శ్రావణమాసం చివరిదాకా విజయనగరంలో మా దగ్గర పోయిన పెద్దవాళ్ళ ఫొటో పటాలు కట్టించుకున్నవారు ఇది పూర్తిగా చదవండి. ఆ పటాల్లో రంగు నిలవదు. కొన్నింటిలో ఇప్పటికే పోయింది, మిగతావాటిలో పోతుంది. తప్పు మా ప్రింటులో ఉంది. మీ గోడది కాదు, మీరు పెట్టిన దీపానిది కాదు. ఈ మాట మీకు ఇంకొకరి నోట తెలిసేలోపు నేనే చెప్పాలి.

పాస్‌పోర్టు ఫొటోలు, స్టాంపు సైజు ఫొటోలు వేరే రిబ్బను ప్రింటరు మీద వేస్తాం, వాటికి ఈ గొడవ లేదు. పెళ్ళి ఆల్బమ్‌లు బయట ల్యాబులో అవుతాయి, వాటికీ లేదు. పటాలకే.

వినాయక చవితి వెళ్ళిన మూడోరోజు గజపతినగరం అవతల ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, తువ్వాల్లో చుట్టి పటం తెచ్చింది. కౌంటరు మీద పెట్టి విప్పింది. "మా అయ్య ఎర్రగయిపోనాడేటి బావూ?" అంది.

మాఘమాసంలో నేను కట్టిన పటమే. వెనక నేను వేసిన నీలం తెర గులాబీ రంగుకి తిరిగిపోయింది. జుట్టులో నలుపు గోధుమరంగులోకి దిగింది. మొహం ఇటుకలా ఉంది. చూస్తూనే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎండ పడుతోందామ్మా పటం మీద?" "నడవలో ఉన్నాది బావూ. అక్కడ పగలే దీపం ఎట్టుకోవాల" అందావిడ.

ఇక్కడ ఇంకొకటి ఒప్పుకోవాలి. ఆషాఢంలో కంటోన్మెంటు నుంచి ఒక అబ్బాయి వాళ్ళమ్మ పటం తెచ్చి ఇదే అడిగాడు. అప్పుడు అంత ఎరుపు లేదు, మొహంలో కొద్దిగా మార్పుంది. కిటికీ ఎదురుగా పెట్టి ఉంటారు, చోటు మార్చండి అని చెప్పి పంపేశాను. నా మాట నమ్మి వెళ్ళిపోయాడు. బాబూ, నువ్వు సరిగ్గానే చూశావు. నేనే చూడలేదు. నీ ఫోన్ నంబరు మా పుస్తకంలో తడిసి చెరిగిపోయింది. ఇది చూస్తే ఒకసారి రా.

ఆ రాత్రి షట్టరు దించి, ఇవ్వకుండా మిగిలిన ప్రింట్లు, టెస్టు ముక్కలు అన్నీ బల్ల మీద పరిచాను. మేం పటాలు వేసే ప్రింటరుకి పిగ్మెంట్ ఇంకు వాడతాం. అంటే రంగు నీళ్ళలో కరిగిపోయి ఉండదు, సన్నటి పొడిలా ఉండి కాగితం మీద కూర్చుంటుంది. ఇంకో రకం డై ఇంకు. అది నీళ్ళలో పంచదారలా కరిగిన రంగు. మొదటిరోజు రెండూ పక్కపక్కన పెడితే డై ఇంకే ఎక్కువ మెరుస్తుంది, చూడ్డానికి బావుంటుంది. కానీ నాసిరకం డైని వెలుతురు తినేస్తుంది, గాలి కూడా తినేస్తుంది. నీలం పాలు ముందు పోతే మిగిలేది ఎరుపూ పసుపూ. మా దగ్గర జరిగింది అదే. రెండిటికీ తేడా తెలుసుకోవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. ఆరిన ప్రింటు మీద నీటిచుక్క వేసి, కాసేపాగి వేలితో రాస్తే చాలు. పిగ్మెంట్ కదలదు. డై చెదిరిపోతుంది.

పాత ఇంకు సీసాలతో వేసిన ప్రింటు మీద చుక్క వేశాను. కదల్లేదు. సంక్రాంతి తర్వాత తెరిచిన సీసాల ప్రింటు మీద వేశాను. ఒక తాతగారి చొక్కా అంచు నీలంగా కారి నా వేలికి అంటుకుంది. ఆ సీసాల మీద పెద్ద అక్షరాలతో పిగ్మెంట్ అనే రాసి ఉంది.

ఏడేళ్ళుగా మాకు ఇంకు, కాగితం ఇస్తున్న వ్యాపారి ఇచ్చిన సీసాలవి. పేరు రాయను. ఫోన్ చేస్తే ముందు కాగితం తప్పన్నాడు. కాగితమూ నువ్విచ్చిందే కదా అన్నాను. అయితే మీ ఊళ్ళో తేమ ఎక్కువ అన్నాడు. సముద్రం పక్కనున్నది నువ్వు, నేను కాదు అన్నాను. చివరికి అసలు మాట బయటికొచ్చింది: కంపెనీ వాళ్ళు సరుకు మార్చారట, రేటు పెరక్కుండా ఉండడానికి. తనకి తెలుసట. నాకు చెప్పాల్సిన అవసరం కనిపించలేదట. ఆపైన ఇలా అన్నాడు: "పోయినవాళ్ళ ఫొటోయే కదా సార్, ఏడాది దాటాక ఎవరు పట్టించుకుంటారు?"

ఫోన్ పెట్టేశాను. డబ్బు వాపసు ఇస్తానన్నాడు, సీసాలకి. తీసుకోలేదు. తీసుకోమని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. ఆమె లెక్క తప్పు కాదు. కానీ ఆ డబ్బు తీసుకుంటే ఆ మాట కూడా తీసుకున్నట్టే అనిపించింది నాకు.

ఏడాది దాటాక ఎవరు పట్టించుకుంటారా? నా దగ్గరికి ఏం పట్టుకుని వస్తారో అతనికి తెలీదు. ఆధార్ కార్డు మీద అగ్గిపెట్టె అంత కూడా లేని మొహం తెస్తారు. మనవరాలి పెళ్ళిలో బంతిలో కూచుని, పక్కవాడి భుజం వెనక సగం కనిపిస్తున్న తాతని తెస్తారు. జీవితమంతా చొక్కా వేసుకోని మనిషికి చొక్కా తొడగమంటారు, ఇంకొకరు తొడగొద్దంటారు. ముత్తయిదువగా పోయినావిడ నుదుట బొట్టు కాస్త పెద్దది చెయ్యమంటారు. బొండపల్లి అమ్మాయి ఒకతి, "చెవి మీద చుట్ట ఉంచేయండి బావూ, అది లేపోతే మా మామ్మ కాదు" అంది. ఉంచాను. ఒక్కో మొహం మీద రెండు మూడు గంటలు కూచుంటాను. కళ్ళు కుదిరితే మిగతాది అదే కుదురుతుంది. కుదరకపోతే కూతురు పటం చూసి ఏమీ అనదు, డబ్బులిచ్చి పట్టుకెళ్ళిపోతుంది. ఆ మౌనం నాకు తెలుసు. కుదిరినప్పుడు ఏడుస్తుంది. అలా ఏడ్చి తీసుకెళ్ళిన పటాలే ఇప్పుడు ఎర్రబడుతున్నవి.

మా నాన్నగారు గంటస్తంభం దగ్గర ఈ స్టూడియో పెట్టింది 1978లో. ఆయనవి బ్రోమైడ్ పేపరు మీద నలుపు తెలుపు పటాలు. నెగెటివ్ మీద పెన్సిలు టచింగు ఆయనే చేసేవారు. నేను డార్క్ రూములో నేర్చుకున్న మొదటి పని కడగడం. హైపోలోంచి, అంటే బొమ్మని నిలబెట్టే మందు నీళ్ళలోంచి తీసిన ప్రింటుని గంటసేపు పారే నీళ్ళలో కడగాలి. బోరు నీళ్ళు రాని రోజుల్లో బాల్చీలు మార్చి మార్చి కడిగేవాణ్ణి. చాలు నాన్నా అంటే, ఇంకో బాల్చీ అనేవారు. హైపో మిగిలితే ఆ ప్రింటు కొన్నేళ్ళకి పసుపెక్కుతుంది. ఆ కొన్నేళ్ళ తర్వాత అడగడానికి వచ్చేవాళ్ళు ఉంటారా లేదా అన్నది ఆయన ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక, కరెంటు లేని ఆ రోజుల్లో జనం మా దగ్గరికి తడిసిన పటాలు తెచ్చారు. గాలికి కప్పులు లేచిపోయి, వానకి తడిసి, ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉండేది. లాగితే మొహం ఊడి అద్దం మీద ఉండిపోతుంది. నాన్నగారు అద్దంతో సహా చల్లటి నీళ్ళలో నానబెట్టించారు. మెల్లగా వదిలాయి. స్టూడియో వెనక దండెం కట్టి, క్లిప్పులు పెట్టి ఆరేశాం. ముప్ఫై ఏళ్ళ నాటి మొహాలు నీళ్ళలో మునిగి లేచి మళ్ళీ గోడ ఎక్కాయి. ఈ ఏడాది నేను కట్టినవి ఒక్క నీటిచుక్కకి ఆగలేదు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన పటం కౌంటరు వెనకే ఉంది, మీరంతా చూసిందే. అది ఆయన పద్ధతిలో కడిగిందే.

ఇక అసలు తేల్చుకోలేకపోయిన సంగతి. మా పుస్తకం ప్రకారం ఆ ఇంకుతో వెళ్ళిన పటాలు 186. వెనక్కి తెచ్చినవాళ్ళు అప్పటికి ముగ్గురే. వచ్చినవాళ్ళకి మార్చి ఇద్దాం, రానివాళ్ళని కదపొద్దు అంది మా ఆవిడ. ఇందులో డబ్బు ఒక్కటే లేదు. ఆ ఇళ్ళలో ఇంకా ఏడాది తిరగలేదు. దండ వేసి, దీపం పెట్టి, రోజూ చెయ్యెత్తి మొక్కుతున్న పటాన్ని గోడ మీంచి దించమని ఫోన్లో ఎలా చెప్పడం? మళ్ళీ ఎక్కించడానికి రోజు చూసుకోవాలంటారు. ఏడాది లోపు దించకూడదనేవాళ్ళూ ఉన్నారు. బొమ్మ ఇంకా బావుంది కదా, మాకు లేనిపోని దిగులెందుకు పెట్టావు అని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు. మూడు రాత్రులు పుస్తకం ముందేసుకుని కూచున్నాను. పేరు పక్కన పేరు చదువుతుంటే ప్రతి మొహం గుర్తొస్తోంది, ఎక్కడ పుట్టుమచ్చ ఉందో కూడా. నాలుగోరోజు పొద్దున్న మొదటి ఫోన్ చేశాను. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన ఒకాయన ఎత్తారు. భార్య పటం. అంతా విని, "మరి దాన్నేం చేస్తారు, పాత కాగితాన్ని?" అని అడిగారు.

ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు. మొహం ఉన్న కాగితాన్ని చెత్తలో వేయలేం. అందుకే పాత ప్రింటు మా దగ్గర ఉంచుకోం. కొత్తది అమర్చాక పాతదాన్ని తెల్లకాగితంలో చుట్టి మీ చేతికే ఇస్తాం. నదిలో కలుపుకుంటారో, దాచుకుంటారో మీ ఇష్టం.

ఇప్పటికి 131 ఇళ్ళకి ఫోన్ చేశాను. ఇద్దరు తిట్టారు. తిట్టాల్సిందే. ఏడాది తిరిగాకే దించుతామన్నవాళ్ళు చాలామంది. అప్పుడే తీసుకురండి, అప్పుడూ ఇదే మాట మీద ఉంటాను. రసీదు అక్కర్లేదు. పటం వెనక మా ముద్ర, తేదీ ఉంటాయి. ఫ్రేము, అద్దం మీవే, లోపలి ప్రింటు మారుతుంది. డబ్బు తీసుకోం. అద్దం వద్దు, మెరుపు కొడుతోంది అని బోర్డు మీద అతికించుకున్నవాళ్ళు ముందు రండి, గాలి నేరుగా తగిలేది వాటికే కాబట్టి త్వరగా పోతున్నాయి. వాటికి బోర్డు కూడా కొత్తది వేస్తాం.

ఇకమీదట పటాలు ఇంకు ప్రింటరు మీద వేయను. విశాఖలో వెండి లవణాల కాగితం మీద కెమికల్‌లో కడిగి తీసే ల్యాబు ఒకటి చూసుకున్నాను. నేనే వెళ్ళి, అక్కడ నిలబడి, నా ముక్కల మీద నీళ్ళు పోసి చూసి వచ్చాను. రంగు ప్రింటు ఏదైనా నేరుగా ఎండ తగిలితే పోతుంది, ఇదీ అంతే. నీడన ఉంటే మాత్రం ఏళ్ళ తరబడి నిలబడే కాగితం.

దీనివల్ల మీకొక కష్టం ఉంది. పొద్దున్న ఇచ్చి సాయంత్రం పటం పట్టుకెళ్ళడం ఇక కుదరదు. పది రోజులు పడుతుంది. పెద్దకర్మకి పటం లేకుండా ఎలా అంటారు, నాకు తెలుసు. ఆ రోజుకి ఒక ప్రింటు ఇక్కడే వేసి ఫ్రేములో పెట్టి ఇస్తాను, వెనక తాత్కాలికం అని ముద్ర వేసి. అసలుది వచ్చాక అదే ఫ్రేములో మారుస్తాను. రెండిటికీ కలిపి పాత రేటు మీద 150 రూపాయలు పెరుగుతుంది. బజారులో ఇంతకన్నా తక్కువకి గంటలో ఇచ్చేవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళినా నేనేమీ అనుకోను, కానీ నేను మాత్రం గంటలో ఇవ్వను. రేటు గురించి బేరం కూడా ఇప్పుడు వద్దు.

పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగే మంగళవారం స్టూడియో తియ్యం. మూడు లాంతర్ల నుంచి కోట దాకా కాలు పెట్టే చోటుండదు, పటం పట్టుకుని ఆ గుంపులోకి ఎవరూ రావద్దు. ముందురోజు తొలేళ్ళకి మధ్యాహ్నం దాకా ఉంటాను.

పుస్తకంలో నంబరు లేని ఇళ్ళు, నంబరు పలకని ఇళ్ళు కలిపి 55 ఉన్నాయి. ఎక్కువమంది గుర్ల, మెంటాడ, జామి, గంట్యాడ, దత్తిరాజేరు వైపు పల్లెలవాళ్ళు. వీళ్ళు ఇది చదవరు. మీ బంధువులెవరైనా ఆ ఊళ్ళలో ఈ ఏడాది పెద్దవాళ్ళని పోగొట్టుకుని మా దగ్గర పటం కట్టించుకుని ఉంటే, వెళ్ళినప్పుడు పటం వెనక మా ముద్ర ఉందేమో చూసి ఒక మాట చెప్పండి. ముసలివాళ్ళు బస్సెక్కలేరనుకుంటే నాకు కబురు చేయండి. ఆదివారాలు మోటారుసైకిలు మీద నేనే వస్తాను.

గజపతినగరం ఆవిడ వాళ్ళయ్య పటం సిద్ధమైంది. తెర మళ్ళీ నీలంగా ఉంది. శుక్రవారం వస్తానన్నారు.