నీలం టీ మందు కాదండీ, రంగు

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ పేపర్లో నీలం టీ మీద అర పేజీ వేశారు. షుగర్, బీపీ, జుట్టు రాలడం, మతిమరుపు, అన్నిటికీ అదే మందన్నట్టు రాసి, అది ఏ పువ్వో మాత్రం ఫొటో కింద చిన్న అక్షరాల్లో పెట్టారు. అది మన శంఖుపువ్వే కదా! అక్కయ్యపాలెంలో మా మేడమెట్ల గ్రిల్లుకు అల్లుకుని పూస్తుంది, పొద్దున్నే మా అత్తగారు పూజకు కోసుకోగా మిగిలినవి నా టీకి. బీచ్ రోడ్డులో ఒక కేఫ్‌లో అవే పూలు గాజు కప్పులో వేసి 180 రూపాయలు తీసుకున్నారు, పైగా చల్లారిపోయింది.

మతిమరుపు సంగతి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించగలను. జ్ఞాపకశక్తికని శంఖపుష్పి పేరుతో సిరప్‌లు అమ్ముతారు చూడండి, వాటిలో చాలావరకు వేసేది నేల మీద పాకే వేరే మొక్క. పేర్లు కలిశాయని గుణాలు కూడా అంటగట్టేస్తే ఎలా?

నేను ఇది తాగేది నిద్ర కోసం. సాయంత్రం ఆరు దాటాక కాఫీ తాగితే రాత్రి రెండింటిదాకా కళ్లు మూతపడవు, గ్రీన్ టీ అయితే పర్లేదనుకుని కొన్నాళ్లు తాగాక అందులోనూ కెఫీన్ ఉంటుందని తెలిసింది. ఇందులో తేయాకే లేదు, ఆ టెన్షన్ లేదు. రుచి మాత్రం, ఉన్నమాట చెప్పాలంటే, చిక్కుడుకాయలు ఉడికించిన నీళ్లలా ఉంటుంది, అందుకే అల్లం ముక్క వేస్తాను.

ఐదారు పూలకు పచ్చ తొడిమ తీసేసి గ్లాసుడు మరుగునీళ్లు పోసి మూత పెడితే, ఐదు నిమిషాల్లో రెక్కలు వెలిసిపోయి నీళ్లు సిరాలా అవుతాయి. నిమ్మకాయ పిండితే గిర్రున ఊదా రంగుకు తిరుగుతాయి, వంటసోడా చిటికెడు వేస్తే ఆకుపచ్చ. పువ్వులోని ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు పులుపునుబట్టి రంగు మార్చుకుంటాయి, అంతే. థాయిలాండ్‌లో నిమ్మరసం, తేనె కలిపి చల్లగా తాగుతారు, మలేసియాలో కెలంతన్ వాళ్లు ఈ నీళ్లతో నాసి కెరాబు అని నీలం అన్నం వండుకుంటారు.

అది చూసి నేనూ నీలం అన్నం వండి నిమ్మకాయ పులిహోర కలిపాను. పసుపు పోపు పడగానే ఆకుపచ్చ, నిమ్మరసం పడగానే వానాకాలం బురద. మా అత్తగారు గిన్నెలోకి చూసి, "ఇది దేవుడికి పెడతావా?" అని ఒక్క మాటే అన్నారు. తర్వాత తెలిసింది, పసుపూ పులుపూ లేనివాటికే వాడాలని. కొబ్బరన్నం చక్కగా వచ్చింది, తెల్ల కొబ్బరి కోరు మీద జీడిపప్పు కనిపిస్తూ. సగ్గుబియ్యం పాయసం కూడా, కానీ పంచదారతోనే, బెల్లం వేస్తే రంగు పోయినట్టే. దద్దోజనం పెరుగు పులుపుకు లేత వంగపువ్వు రంగు తేలుతుంది, పిల్లలు అడిగి మరీ పెట్టించుకున్నారు.

పూలే వాడాలి, గింజలూ వేర్లూ కడుపులో పడితే విరేచనాలు పట్టుకుంటాయి. దండల కోసం పూర్ణా మార్కెట్లో అమ్మేవి వద్దు, వాటి మీద ఏ పురుగుమందు కొట్టారో మనకు తెలీదు. గర్భిణులైతే డాక్టరును అడిగాకే. అమెరికాలో ఈ పువ్వు రసానికి 2021లో అనుమతి ఇచ్చింది కూడా తినేవాటిలో వేసే రంగుగానే, మందుగా కాదు.

ఇదంతా ఎందుకంటే, మీ పేపర్ చదివి మా పక్కింటావిడ షుగర్ బిళ్ల మానేసి ఈ టీ మొదలుపెడతానంటోంది. పంచదార వెయ్యకుండా ఒక కప్పు ఇచ్చి, బిళ్ల మాత్రం మానొద్దని బతిమాలి వచ్చాను. నా మాట వింటుందో లేదో, మీరు అచ్చువేస్తే నమ్ముతుంది, ఆ ఒక్క ముక్కా వచ్చే ఆదివారం వేయండి.

ఒక పాఠకురాలు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం